పాపలదిబ్బ మీద పొయ్యి

ముక్తేశ్వరానికి దిగువన, గౌతమి ఒడ్డున జువ్వులపాలెం అని ఒక ఊరుండేది. కొబ్బరితోటల నడుమ రైతుల ఇళ్ళు, మధ్యలో ఒక చావడి, ఊరి చుట్టూ పల్లపు చేలు. ఊరు దాటి ఏటివైపు నడిస్తే ఇసక పర్ర మీద తాటాకు గుడిసెలు కనిపించేవి. దాన్ని ఏటిపల్లె అనేవారు. వల వేసేవాళ్ళు, పడవ నడిపేవాళ్ళు అక్కడ కాపురముండేవారు. అప్పలమ్మ ఆ పల్లెకు కోడలై వచ్చింది.

ఆమె పుట్టింది అంతర్వేది దగ్గర, సముద్రం హోరు వినిపించే చోట. ఆ హోరును మించి మాట్లాడాల్సి రావడం వల్లనేమో, గొంతు పెద్దది. ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని జువ్వులపాలెం పెరటిదారిలో కేకేస్తే తోటల చివరిదాకా వినిపించేది. భర్త ముత్యాలరాజుకు మాట అంటేనే బరువు. కోటిపల్లి రేవుకు ధాన్యం, కొబ్బరికాయలు చేరవేసే పడవ అతనిది. రోజంతా గెడ వేసి ఇంటికొచ్చి, పెట్టింది తిని, వలల పక్కన కూర్చునేవాడు. "మా ఆయన మాటలన్నీ ఏట్లోనే పారేసొస్తాడమ్మా" అని అప్పలమ్మ నలుగురిలో నవ్వేది.

వాళ్ళకు మొదట ఆడపిల్ల పుట్టింది. పేరు పెట్టకముందే పోయింది. తర్వాత మగపిల్లాడు, గంగరాజు. గోడ పట్టుకుని నడిచి, పడవ కనబడితే చప్పట్లు కొట్టే వయసులో ఒళ్ళంతా అమ్మవారు పోసి వాడూ పోయాడు. ఆ తర్వాత పుట్టిన సూర్యావతి మాత్రం బతికి పెరిగి, ఆలమూరు వైపు కాపురానికి వెళ్ళింది.

పల్లెలో పసిబిడ్డ పోతే దహనం చేయరు. ఊరికీ పల్లెకూ మధ్య ఒక మెరక ఉండేది, పాపలదిబ్బ. అక్కడ పూడ్చేవారు. తండ్రి, అతనితో ఒకరిద్దరు మగవాళ్ళు వెళ్ళేవారు. ఆడవాళ్ళు పల్లె చివర ఆగిపోవాలి. ఎక్కడ పూడ్చారన్నది తల్లి అడగకూడదు, తండ్రి చెప్పకూడదు. చోటు తెలిస్తే తల్లి ప్రాణం అక్కడే తిరుగుతుందనీ, మళ్ళీ కడుపు నిలవదనీ పెద్దల నమ్మకం. గంగరాజును భర్త చేతుల మీద తీసుకుపోతుంటే అప్పలమ్మ పల్లె చివర ఇసకలో కూలబడిపోయింది. అతను తిరిగొచ్చేసరికి మోచేతుల దాకా మట్టి ఉంది. కడుక్కోమని నీళ్ళు పోసింది. ఏమీ అడగలేదు.

ఇదంతా జరిగిన చాలా ఏళ్ళకు ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టారు. కాలవలు తవ్వడం మొదలైంది, ఏటిగట్లు ఎత్తు చేయసాగారు. జువ్వులపాలేనికీ ఏటికీ మధ్య కొత్త గట్టు లేచింది. అది వచ్చి పాపలదిబ్బను ఆనుకుని, దిగువకు సాగిపోయింది. ఊరూ, తోటలూ, చేలూ, దిబ్బా గట్టుకు లోపల ఉండిపోయాయి. ఏటిపల్లె బయట మిగిలింది.

ఆ ఏడు ఫాల్గుణ మాసంలో అమలాపురం నుంచి తహసీల్దారు వచ్చి చావడిలో సభ చేశాడు. కొత్త కాలవలు వచ్చాక ఏ భూమి దేనికన్నది ముందే తేల్చాలని పైనుంచి హుకుం. ఇళ్ళెక్కడ, కళ్ళాలెక్కడ, పశువుల బాట ఎటు, ఏ మెరకలో తోటలు, ఏ పల్లంలో వరి అని ఒక్కొక్కటే చదివి, ఊరివాళ్ళ మాట విని నిర్ణయించాడు. రైతులు చావడి అరుగు మీద కూర్చున్నారు. పల్లెవాళ్ళు ముంగిట్లో ఎండలో నిలబడ్డారు. ఆడవాళ్ళు ఇంకా వెనక. అప్పలమ్మ గంప దింపి వాళ్ళలో నిలబడింది.

చివరికి ఏటిపల్లె సంగతి వచ్చింది.

"గట్టుకు ఏటివైపున ఒక్క గుడిసె కూడా ఉండటానికి వీల్లేదు. వరద వస్తే మనుషులకూ ముప్పు, గట్టుకూ ముప్పు. వానలు పడేలోగా లోపలికి రావాలి" అన్నాడు తహసీల్దారు.

పల్లె పెద్ద ధనరాజు చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు. ముసలివాడు, వంగిన నడుము. "ఆయ్, అలాగేనండీ. లోపలంటే ఎక్కడుండమంటారండీ?"

తహసీల్దారు మునసబు పాపారావు వైపు చూశాడు. ఊళ్ళో పెద్ద తోట పాపారావుదే. మాట మెత్తగా ఉండేది, గాని తన మట్టి దగ్గర గట్టిమనిషి.

"తోటల్లో ఇళ్ళు కడితే ఆ శిస్తు ఎవరు కడతారండీ? పల్లపు చేలల్లో కడదామంటే నిలబడవు. ఊరి వీధిలోనంటే, చేపలెండేసే వాళ్ళతో సర్దుకోవడం కష్టమండీ, ఉన్నమాట చెప్తున్నాను. ఇక ఎవరి పట్టాలోనూ లేని సర్కారు భూమి ఒక్క ఆ దిబ్బేనండీ. మెరక కూడాను" అన్నాడతను.

ముంగిట్లో నిలబడ్డవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు.

"అయ్యగారూ, అది మా పసిబిడ్డల్ని దాచుకున్న చోటండీ" అన్నాడు ధనరాజు. "వాళ్ళ మీద పొయ్యిలు పెట్టుకుని మేం ఎలా వండుకు తింటామండీ?"

తహసీల్దారు అరుగు మీదున్న రైతుల్ని అడిగాడు, ఇంకో చోటు ఎవరైనా చూపిస్తారా అని. అందరూ పాపారావు వైపు చూశారు. పాపారావు తలపాగా తీసి మళ్ళీ చుట్టుకున్నాడు. దిబ్బే ఏటిపల్లెకు ఇళ్ళ స్థలమని తహసీల్దారు ఖాయం చేసి, మేనా ఎక్కి వెళ్ళిపోయాడు.

సాయంత్రం వలల దగ్గర పల్లె అంతా కూడింది. కదిలేది లేదని మగవాళ్ళు ఒక్కమాట మీద ఉన్నారు. గుడిసెలు పీకిస్తే మళ్ళీ వేసుకుందామన్నారు. అప్పుడు అప్పలమ్మ లేచింది.

"మావయ్యగారూ, మరి ఏరొస్తేనో?"

"ఎప్పుడు రాలేదే అమ్మా?" అన్నాడు ధనరాజు. "వస్తది, పోతది. గుడిసెలు మళ్ళీ కట్టుకుంటాం."

"అప్పుడు నీళ్ళు చేల మీద పడి పోయేయండీ. ఇప్పుడు ఆ పక్క గట్టేశారు. ఆ నీళ్ళన్నీ ఎటు రావాలి? మన మీదకే కదా."

ఆ మాట అందరి మనసులోనూ ఉన్నదే. కానీ దానికి జవాబు చెప్పాలంటే దిబ్బ ఎక్కడం గురించి మాట్లాడాలి. పక్క గుడిసె లోవమ్మ మాత్రం అంది. ఆమె, అప్పలమ్మ ఒకే వయసువాళ్ళు, ఒకే ఏడు కాపురాలకు వచ్చారు. "నీకు గుండె ఎలా ఒప్పుతోందొదినా? నా సుబ్బడు అక్కడున్నాడు. వాణ్ని తొక్కుకుంటా నేను నీళ్ళకెళ్ళాలా?"

"నాకూ ఇద్దరున్నారొదినా" అంది అప్పలమ్మ.

ఇంటికొచ్చాక మొగుణ్ని అడిగింది. "నువ్వేమంటావు మావా?"

"నేను ఆ దిబ్బ ఎక్కను."

"ఎందుకని?"

ముత్యాలరాజు లేచి బయటికి వెళ్ళిపోయాడు. కొడుకును పూడ్చి వచ్చాక అతను ఆ దిబ్బ మీద కాలు పెట్టలేదు. పల్లెలో ఇంకెవరి బిడ్డ పోయినా తోడు వెళ్ళేవాడు కాడు. ఊళ్ళోకి వెళ్ళాలంటే దిబ్బ పక్క బాట ఉండగా, చుట్టూ తిరిగి చేలగట్ల మీద పోయేవాడు. అప్పలమ్మ అది ఏళ్ళ తరబడి చూస్తూనే ఉంది. కదిలించడానికి ధైర్యం చాలలేదు.

చైత్రం వెళ్ళింది, వైశాఖం వెళ్ళింది. ఎవరూ కదల్లేదు. ఒక పొద్దున అప్పలమ్మ వెదురుబొంగులు భుజాన పెట్టుకుని ఒక్కతే దిబ్బ మీదికి వెళ్ళింది. పైన రెల్లు, ఈతపొదలు, అక్కడక్కడ తాటిచెట్లు. ఏ గుర్తూ లేదు. ఎటు అడుగు వేయాలో తెలియక చాలాసేపు నిలబడింది. చివరికి బొంగులు దింపి, నేల మీద చెయ్యి ఆనించి గట్టిగానే అంది.

"మీరు ఏ మూలున్నారో నాకు తెలీదు నాయనా. నేనెక్కడ గుంజ పాతినా మీలో ఎవరో ఒకరికి తగులుద్దేమో. ఉన్నోళ్ళని బతికించుకోడానికే వచ్చేను. కోప్పడకండి."

గుంజలు పాతడానికి, కప్పు వేయడానికి చాలా రోజులు పట్టింది. పల్లెలో ఒక్కరూ చెయ్యి వేయలేదు. పాపారావు భార్య వెంకటరమణమ్మ పెరట్లో గంప దింపబోతే, "నువ్వు శ్మశానంలో కాపురం పెట్టావంట కదే, గంప ఆ దడి అవతలే దించు" అంది. కానీ మర్నాడు ఆమె పాలేరు కొబ్బరాకుల మోపు ఒకటి తెచ్చి దిబ్బ కింద పడేసి వెళ్ళిపోయాడు. ఆ ఆకులే అప్పలమ్మ ఇంటికి దడి అయ్యాయి.

అప్పట్నుంచి ఆమె దిబ్బ మీద, ముత్యాలరాజు పల్లెలో. ఆమె వండి, కూడు తీసుకుని కిందికి వెళ్ళేది. అతను తినేవాడు. ఆ పొయ్యి మీద వండింది తాను ముట్టనని అంటాడేమోనని మొదటి రోజు ఆమె భయపడింది. అతను ముద్ద చేతిలోకి తీసుకుని కాసేపు చూసి, తిన్నాడు. పల్లెవాళ్ళు మాత్రం ఆమె ఇంటి నిప్పు తెచ్చుకోవడం మానేశారు. లోవమ్మ ఎదురుపడితే మొహం తిప్పుకునేది. పల్లెలో ఆడవాళ్ళ మాటల సందడి వినబడినప్పుడల్లా అప్పలమ్మ దిబ్బ అంచున నిలబడి ఆ వైపే చూసేది. దిగి వెళ్ళిపోదామని చాలాసార్లు అనుకుంది. వానల దాకా చూద్దామని ఆగింది.

శ్రావణంలో వరద వచ్చింది. మూసిన మబ్బు తెరిపి ఇవ్వలేదు. ఎర్రనీళ్ళు సుళ్ళు తిరుగుతూ ఒడ్డుకు ఎక్కాయి. తెల్లవారేసరికి గుడిసెల్లోకి వచ్చేశాయి. ఇంతకుముందు వరద మెల్లగా పరుచుకునేది. ఈసారి గట్టుకు కొట్టుకుని, వెనక్కి తిరిగి, పల్లెను రెండువైపుల నుంచీ పట్టింది. పిల్లల్ని భుజాల మీద వేసుకుని జనం గట్టు ఎక్కారు. కొందరిని ముత్యాలరాజు పడవలో చేర్చాడు. గట్టు మీద మట్టి కాళ్ళ కింద జారిపోతోంది. దిగువన ఎక్కడో గండి పడిన చప్పుడు ఫిరంగి పేలినట్టు వినిపించింది. ఆ వెంటనే గట్టుకు లోపలి వైపున కూడా, చేల మీద, నీళ్ళు మెరవడం మొదలైంది.

గట్టు వెంట నడిస్తే దిబ్బ. అయినా పల్లెవాళ్ళు దాని అంచున ఆగిపోయారు. వానలో, అలాగే, ఒకళ్ళ వెనక ఒకళ్ళు. ముందు లోవమ్మ ఉంది.

అప్పలమ్మ పరుగున వచ్చింది. "ఏం చూస్తన్నారు? రండి!"

లోవమ్మ కదల్లేదు. ఏడుస్తోంది. "ఎక్కడ అడుగెయ్యమంటావొదినా? ఎక్కడున్నాడో నాకేం తెలుసు?"

"నాకు మాత్రం తెలుసా? ఎక్కడున్నా నీ కొడుకే కదా. అమ్మ కాలు తగిలితే వాడికి నొప్పెడతదా? రా."

చెయ్యి పట్టుకుని లాగింది. లోవమ్మ వెనక మిగిలినవాళ్ళు ఎక్కారు. మధ్యాహ్నానికి ఊరి నుంచి రైతుల కుటుంబాలు కూడా మోకాళ్ళ లోతు నీళ్ళలో అక్కడికే వచ్చి చేరాయి. వెంకటరమణమ్మ తడిసిన చీరతో అప్పలమ్మ గుడిసెలో పొయ్యి పక్కన కూర్చుంది. ఉన్న నూకలన్నీ కుండలో పోసి అప్పలమ్మ గంజి కాచింది. ఎవరి చేతి గంజి అని ఆ పూట ఎవరూ అడగలేదు.

ముత్యాలరాజు మనుషుల్ని తెచ్చి అంచున దింపుతూనే ఉన్నాడు. తను మాత్రం దిగలేదు. ఇక తేవాల్సిన వాళ్ళు లేకపోయినా, పడవను ఈతచెట్టుకు కట్టి అందులోనే కూర్చున్నాడు. అప్పలమ్మ ముంతతో గంజి తీసుకెళ్ళి వంగి అందించింది.

"పైకి రా మావా. చలేస్తది."

అతను తల అడ్డంగా తిప్పాడు.

ధనరాజు రాలేదు. అందరూ గట్టెక్కాక, వలలు కొట్టుకుపోతున్నాయని వెనక్కి వెళ్ళాడట. నీళ్ళు తీశాక దిగువన రెల్లుదుబ్బుల్లో దొరికాడు. ముత్యాలరాజే పడవలో తీసుకొచ్చాడు. ముసలాయన చేతివేళ్ళ మధ్య వల దారాలు ఇంకా చిక్కుకునే ఉన్నాయి.

ఏటిపల్లె ఉన్నచోట ఇసక తప్ప ఏమీ మిగల్లేదు. జనం దిబ్బ మీదే దొరికిన ఆకూ అలమూ కప్పి గుడిసెలు వేసుకున్నారు. గండి నుంచి దిబ్బ కిందిదాకా వరద కోసిన పాయలో పడవ కట్టి, ముత్యాలరాజు అందులోనే పడుకునేవాడు.

కార్తీకంలో ఇంకో ముప్పు వచ్చింది. గండి పూడ్చాలి. దానికి మట్టి కావాలి. గండికి దగ్గరలో ఉన్న మెరక పాపలదిబ్బ ఒక్కటే. గట్టుపని చూసే మేస్త్రీ వచ్చి చూసి, దిబ్బ మొత్తం తవ్వితే సరిపోతుందన్నాడు. రైతులు సరేనన్నారు. ఫాల్గుణంలో చేసిన ఏర్పాటును తిరిగి విచారించమని అర్జీ పెట్టారు. తహసీల్దారు మళ్ళీ వచ్చాడు. ఈసారి చావడిలో కూర్చోకుండా నేరుగా దిబ్బకే వచ్చాడు.

పాపారావు మొహం వరద తర్వాత సగమైంది. "నా చేలో మోకాలెత్తు ఇసక మేటేసిందండీ. నా ఒక్కడిదే కాదు, అందరిదీ అంతే. గండి పూడకపోతే వచ్చే ఏటికి ఊరే ఉండదు. వీళ్ళకి ఇంకెక్కడైనా చూపిద్దాం. నేను కాదనను."

"ఎక్కడ?" అన్నాడు తహసీల్దారు.

పాపారావు తన తోట వైపు చూసి, మాట మార్చాడు. "అదీ కాక, మొన్న ఇది శ్మశానం, మేం ఉండం అన్నారండీ. ఇప్పుడు మా ఇళ్ళంటున్నారు. ఏది నిజమని మనం అనుకోవాలి?"

తహసీల్దారు పల్లెవాళ్ళ వైపు తిరిగాడు. "మీ తరఫున ఎవరు మాట్లాడతారు?"

మాట్లాడే ధనరాజు లేడు. అప్పలమ్మ చెంగు నడుముకు బిగించి ముందుకొచ్చింది. ఊరంతా వినిపించే ఆ గొంతును తగ్గించి చెప్పింది.

"రెండూ నిజమేనండీ అయ్యగారూ. ఇది శ్మశానమే. ఇప్పుడు మా ఇల్లు కూడాను. ఉండలేమని మేం ఏడ్చిన మాటా నిజమే, ఏరు తీసుకొచ్చి ఇక్కడ పడేసిందీ నిజమే. గండి పూడ్చొద్దని మేం అనమండీ. ఈ నీళ్ళు మాకూ తెలుసు. కానండీ, ఇక్కడ పార దిగితే ముందు తగిలేది మా పిల్లలే. ఆ మట్టి తీసుకెళ్ళి గట్టు మీద పోస్తారు. రేపు దాని మీద బళ్ళు నడుస్తాయి, గొడ్లు నడుస్తాయి. అలా చెయ్యమని తమరే చెప్పండి, మేం ఇప్పుడే దిగిపోతాం."

పాపారావు తల తిప్పుకున్నాడు. అతని బిడ్డ ఒకటి పురిట్లోనే పోయిందని ఊరందరికీ తెలుసు.

తహసీల్దారు అడిగాడు. "పిల్లలు ఎక్కడున్నారో చూపించగలవా?"

"లేదండీ. ఆడవాళ్ళకి చెప్పరండీ."

"దిబ్బ అంతా వదలమంటే గండి ఎలా పూడుతుంది? చోటు తెలిస్తే ఆ మేర విడిచిపెట్టిస్తాను. తెలియకపోతే దేన్ని విడిచిపెట్టమని రాయను? మీ మగవాళ్ళకు తెలుసు కదా, చూపించమను."

అప్పలమ్మ వెనక్కి తిరిగింది. పల్లె మగవాళ్ళంతా అక్కడే ఉన్నారు. ఒక్కరూ కళ్ళెత్తలేదు. తాతల నాటి నుంచి నోట రానివ్వని సంగతి అది. తల్లుల ముందు, అందులోనూ ఇంతమంది ఎదుట, ఎలా చూపిస్తారు? గాలికి రెల్లు ఊగుతోంది. మేస్త్రీ మనుషులు పారలు ఆనుకుని నిలబడి ఉన్నారు.

అప్పుడు కింద నీళ్ళలో చప్పుడైంది. ముత్యాలరాజు పడవ దిగాడు.

తడి కాళ్ళతో మెల్లగా పైకి వచ్చాడు. ఎవరివైపూ చూడలేదు. గుడిసెల మధ్య నుంచి నడిచి తూర్పు అంచున ఉన్న ఈతపొద దగ్గరికి వెళ్ళాడు. ఇన్నేళ్ళలో ఆ పొద ఎంతో పెరిగింది. అయినా అతను వెతుక్కోలేదు. మోకాళ్ళ మీద కూర్చుని అరచెయ్యి నేలకు ఆనించాడు.

"ఇక్కడ పిల్ల" అన్నాడు.

కొంచెం పక్కకు జరిగాడు. "ఇక్కడ గంగరాజు. తల అటు పెట్టేను. ఏరు కనపడతదని." అతని వీపు కదలడం చూసి అప్పలమ్మ దగ్గరికి వెళ్ళింది. అతని చెయ్యి ఉన్న చోటే తన చెయ్యి పెట్టింది. "ఇంత దగ్గరలోనే ఉన్నారా" అని మాత్రం అంది.

"నేను ఇటొస్తే నా కాళ్ళు ఎటు తప్పుకుంటాయో చూసి నువ్వు కనిపెట్టేస్తావని రాలేదే" అన్నాడు ముత్యాలరాజు. "నీకు తెలిస్తే సూర్యావతి కూడా దక్కదేమోనని. తర్వాత ఇక చెప్పడం చేతకాలేదు."

ఇంకొకతను కదిలాడు. ఆ తర్వాత మరొకతను. ఒక్కొక్కరే వెళ్ళి తమ చోట నిలబడసాగారు. తల్లులు వాళ్ళ వెనక వెళ్ళారు. ఊరి కరణం తాటిమేకులు పాతిస్తూ వెంట నడిచాడు. బిడ్డలు ఎక్కువమంది తూర్పు సగంలోనే ఉన్నారు. కానీ లోవమ్మ మొగుడు గంగయ్య అటు వెళ్ళలేదు. వెనక్కి తిరిగి అప్పలమ్మ గుడిసె వైపు నడిచాడు. గుమ్మం దగ్గర ఆగి, తల వంచుకుని లోపలికి వెళ్ళాడు. అందరూ చూస్తుండగా పొయ్యి పక్కన నిలబడిపోయాడు.

అప్పలమ్మకు అర్థమైంది. గబగబా వచ్చి, వేడిగా ఉన్న కుండను దింపి, పొయ్యిరాళ్ళు చేతులతోనే పెకలించబోయింది. "తప్పైపోయిందొదినా. నాకు తెలీదు. అమ్మతోడు, నాకు తెలీదు."

లోవమ్మ ఆ చేతులు పట్టుకుంది. బూడిద మీద కూర్చుంది. అరచేత్తో ఆ బూడిదను తడిమి అంది.

"ఉండనీ వదినా. వానలన్నీ పడ్డాయి. వాడొక్కడే వెచ్చగా ఉన్నాడు."

ఆ మాట విన్నవాళ్ళలో ఏడవనివాళ్ళు లేరు. గుమ్మం బయట నిలబడ్డ తహసీల్దారు కాస్త పక్కకు వెళ్ళి, మొహం తుడుచుకుని వచ్చాడు.

సాయంత్రానికి నిర్ణయం చెప్పాడు. దిబ్బలో తూర్పు సగం, దాంతోపాటు ఆ గుడిసె ఉన్న చోటు, ఎప్పటికీ ఖాళీగా ఉండాలి. అందులో ఇల్లు కట్టకూడదు, పార దించకూడదు. పడమటి వాలు నుంచి కొంతమేర మట్టి తీసుకోవచ్చు. చాలనిది ఎగువ లంక నుంచి పడవల్లో తేవాలి. పల్లెవాళ్ళు ఆ పడవలు నడపాలి, రైతులు మట్టి మోయాలి. మిగిలిన నడిమి భాగంలో ఇళ్ళు రెండు వరసలుగా కట్టుకోవాలి. ఇకముందు పోయే బిడ్డలకు కాలవ పక్కన వేరే చోటు. అది పాపారావు తోట అంచు. మర్నాడు అతనే పాలేర్లను పంపి అక్కడి దడి వెనక్కి జరిపించాడు.

అన్నీ చక్కబడ్డాయని కాదు. పడమటి వైపు తవ్వినచోట మరుసటి ఏడు వానకు ఒడ్డు విరిగి, ఆ వరసలో చివరి ఇళ్ళు రెండుసార్లు కట్టుకోవాల్సి వచ్చింది. ఏటి ఒడ్డున పడుకుంటే పడవ కదిలిన చప్పుడుకు మెలకువ వచ్చేది, దిబ్బ మీద నుంచి వినబడదని మగవాళ్ళు గొణిగేవారు. చేపల వాసన మీద ఊరికీ పల్లెకూ తగవులు పడుతూనే ఉన్నాయి. కానీ వరదలకు మాత్రం ఆ పల్లెలో తర్వాత ఎవరూ పోలేదు.

అప్పలమ్మ తన గుడిసెను విప్పి నడిమి వరసలో మళ్ళీ కట్టుకుంది. ఈసారి చాలామంది చేతులు పడ్డాయి. ముత్యాలరాజు పడవ వదిలి ఆ ఇంట్లోకి వచ్చాడు. పొద్దున రేవుకు వెళ్ళేముందు తూర్పు అంచు దాకా వెళ్ళొచ్చేవాడు. మాటలు పెద్దగా పెరగలేదు గాని, ఒక్కోసారి గంగరాజు ముచ్చట్లు తనే ఎత్తేవాడు. పడవ చూసి వాడు కొట్టే చప్పట్ల గురించి చెప్పేవాడు. అప్పలమ్మ పని ఆపి వినేది.

పల్లె పెద్దరికం ఆమెకే ఇద్దామని కొందరన్నారు. "నాకెందుకండీ, నా గంప ఎవరు మోస్తారు?" అని తోసిపుచ్చింది. అయినా చావడిలో భూముల సంగతి ఏది వచ్చినా పల్లెవాళ్ళు ఆమెను వెంటపెట్టుకునే వెళ్ళేవారు. ముంగిట్లోనే నిలబడేది. అడిగితే చెప్పేది, అడక్కపోయినా చెప్పేది.

ఇంకొక మార్పు కూడా వచ్చింది. దాన్ని ఎవరూ సభ పెట్టి నిర్ణయించలేదు. రెండేళ్ళ తర్వాత పల్లెలో ఒక చిన్న తల్లికి బిడ్డ పోయింది. మగవాళ్ళు బిడ్డను ఎత్తుకుని బయలుదేరుతుంటే ఆ పిల్ల గుమ్మంలో కూలబడింది. అప్పలమ్మ వెళ్ళి ఆమెను లేవదీసింది. "నడవమ్మా, నీ బిడ్డ ఎక్కడ పడుకుంటుందో చూసుకుని వద్దాం" అంది. వద్దనడానికి మగవాళ్ళు ఆగారు. ముత్యాలరాజు పక్కకు తప్పుకుని దారి ఇచ్చాడు. అప్పట్నుంచి ఏటిపల్లెలో తల్లులు కాలవ పక్కదాకా వెళ్ళడం మొదలైంది.

ముత్యాలరాజు ముందు పోయాడు. అప్పలమ్మ ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది. కళ్ళు మసకబారి, గంప దింపేశాక, సూర్యావతి ఆలమూరు రమ్మంటే వెళ్ళలేదు. ఒక ఎండాకాలం మధ్యాహ్నం లోవమ్మతో మాట్లాడుతూ మాట్లాడుతూ గోడకు జారబడి ప్రాణం విడిచింది. ఊరి నుంచి రైతుల ఇళ్ళ ఆడవాళ్ళు కూడా వచ్చి చూసి వెళ్ళారు. పల్లె మగవాళ్ళు పాడె ఎత్తి ఏటివైపు నడుస్తుంటే, ముసలి లోవమ్మ కర్ర పోటు వేసుకుంటూ గట్టు దాటి, ఇసకలో, నీళ్ళదాకా వెనకే వెళ్ళింది. ఆమెను ఆగమని ఎవరూ అనలేదు.